అయిదేళ్ల మొహలత్

మోటారు బండ్ల ఆఫీసుకి వెళ్లినప్పుడల్లా నాకో చిన్న ఖుషీ. అక్కడ సగం మాటలు మా ఇంటివే. దరఖాస్తు మాది. రసీదు మాది. తనిఖీ, మరమ్మతు, జరిమానా, ఖరాబు అన్నీ మావే. తెలుగువాళ్లు వాటిని ఎంతగా సొంతం చేసుకున్నారంటే, "మీ ఉర్దూ మాకు రాదమ్మా" అంటూనే "తనిఖీ అయ్యాక రసీదు ఇస్తారు, అప్పటిదాకా కూర్చోండి" అంటారు. మామూలు కూడా మాదే. అరబ్బీ నుంచి వచ్చింది, ఆనవాయితీగా జరిగేది అని దాని అసలు మానే. ఆఫీసుల దగ్గర ఆ మాటకి ఏ గతి పట్టిందో అందరికీ మాలూమే.

ఈ అక్టోబరులో ఆ మాటలన్నీ వరసగా నా మీదకి వచ్చి పడ్డాయి. అబ్బాజాన్ కొన్న మారుతి 800కి ఇరవై ఏళ్లు నిండాయి. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లో ఇప్పుడు ఇదే సవాల్ కాబట్టి, జరిగింది జరిగినట్టు హిసాబుతో సహా రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే ఒక దువా చేయండి.

ముందు కానూన్ సంగతి. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 41వ సెక్షన్. ఆ తరవాత బండిని చూపించి, పాసైతే అయిదేళ్లు, మళ్లీ చూపించి మళ్లీ అయిదేళ్లు. ఫారం 25 మీద దరఖాస్తు, గడువు తీరేముందు అరవై రోజుల లోపల. మా బండి 2005 అక్టోబరుది. 2020లో మొదటి మొహలత్ దొరికింది. అప్పుడు రెన్యువల్ ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇంకో హుకుం వచ్చింది: ఇరవై ఏళ్లు దాటిన కారైతే 10,000. మోటారు సైకిలైతే 2,000. గ్రీన్ ట్యాక్సూ చిల్లర ఫీజులూ విడిగా. పాత బండిని ఉంచుకోవద్దు అని సర్కారు నోటితో చెప్పడం లేదు, ఫీజుతో చెబుతోంది.

ఢిల్లీ సంగతి విని చాలామంది భయపడుతుంటారు. పదిహేనేళ్ల పెట్రోలు బండి, పదేళ్ల డీజిలు బండి తిరగకూడదన్న ఆంక్ష ఢిల్లీ చుట్టుపక్కలది, అక్కడి గాలి వల్ల వచ్చింది. మన దగ్గర సొంత కారుకి వయసు హద్దు లేదు. తనిఖీలో నిలబడితే తిరగొచ్చు. 2021 నాటి స్క్రాపింగ్ పాలసీ కూడా ఇరవై ఏళ్ల సొంత బండి ఫిట్‌నెస్‌లో నిలబడకపోతేనే పక్కకి తప్పించమంటుంది. అంటే మొత్తం బరువంతా ఆ ఒక్క ఇమ్తెహాన్ మీదే ఉంది. ఆ ఇమ్తెహాన్ ఎలా జరుగుతుందన్నదే నేను చెప్పదలుచుకున్న బాత్.

కొత్త పిల్లలకి మారుతి 800 అంటే నవ్వులాట. అది ఒకప్పుడు ఏమిటో వాళ్లకేం తెలుసు. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి బండి తాళాలు అందించింది. 2014 జనవరి 18న ఆఖరి బండి తయారైంది. ముప్పై ఏళ్లలో 27 లక్షలకు పైగా బండ్లు. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఒళ్లంతా కలిపి ఆరున్నర క్వింటాళ్ల లోపలో పైనో. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా పదమూడు నగరాల్లో పొగ నిబంధనల వల్ల అమ్మకం ఆగినా, తెనాలి, బాపట్ల లాంటి ఊళ్ల వైపు ఇంకొన్నాళ్లు అమ్మారు. స్కూటరు మీద భార్యనీ ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టుకుని తిరిగిన టీచర్లూ, బియ్యం వ్యాపారులూ, ఎల్‌ఐసీ ఏజెంట్లూ మొదటిసారి తలుపు వేసుకుని వానలో ప్రయాణం చేసింది దీంట్లోనే. మా అబ్బా కూడా బడిపంతులే. బండి కొన్న రోజు బిస్మిల్లా చెప్పి తాళం తిప్పి, ఇంజను అంత చల్లగా స్టార్టయ్యేసరికి, అయిందా లేదా అని మళ్లీ తిప్పారు. గర్రుమంది. ఆ గర్రు మా ఖాందాన్‌లో ఇప్పటికీ లతీఫా.

అబ్బా 2017లో అల్లాహ్‌కి ప్యారే అయ్యారు. ఫారం 31 పెట్టి బండిని అమ్మీ పేరు మీదకి మార్చాం. తోలేది నేను. అమ్మీకి రెండేళ్లుగా కిడ్నీల బీమారీ. వారానికి రెండుసార్లు రేపల్లె నుంచి తెనాలికి డయాలసిస్. భట్టిప్రోలు, వేమూరు మీదుగా ముప్పై అయిదు కిలోమీటర్లు. రైలు ఉంది, మంచిదే, పోయేటప్పుడు ఫరవాలేదు. నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచిన మనిషికి బీపీ పడిపోయి ఉంటుంది, ప్లాట్‌ఫారం దాకా నడవడం కూడా ఆమె వల్ల కాదు. వెనక సీట్లో తలగడ వేసి పడుకోబెట్టి తీసుకురావాలి. కాబట్టి ఈ బండి మా ఇంట్లో జ్ఞాపకం కోసం దాచుకున్న వస్తువు కాదు, జరూరత్.

జిల్లాలు మారాక ఇంకో తమాషా. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులోకి వచ్చింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. బండి నెంబరు గుంటూరు వాళ్ల ఏపీ 7, ఇల్లు బాపట్ల జిల్లా, ఆసుపత్రి గుంటూరు జిల్లా. బండికి ఇవేవీ తెలియవు, కాలవగట్టు మాత్రం తెలుసు.

గడువు దగ్గరపడుతుంటే తెనాలిలో మా ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. పేరు రాస్తే కోప్పడతాడు, ఉస్తాద్ అనే అంటాను. ఎదురుగా మాత్రం మామూ. నలభై ఏళ్లుగా బండ్ల కింద పడుకున్న మనిషి. అబ్బా ఉన్నప్పటి నుంచీ ఈ బండి నబ్జ్ ఆయనకే తెలుసు. అమ్మీ మిషను మీద ఉండే నాలుగు గంటలూ బండి ఆయన షెడ్డులో. "మామూ, ఫిట్‌నెస్‌కి పెట్టాలి, చూడండి" అన్నాను. ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు రబ్బరు మ్యాట్లు తీసి ఎండలో పడేశాడు. తివాచీ పైకి లేపాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, డ్రైవరు కాళ్లు పెట్టే చోట రేకు మీద కొట్టుకుంటూ వచ్చాడు. టంగ్, టంగ్, టంగ్, టప్. టప్ అన్నచోట నొక్కితే స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. కింద నేల కనిపించింది.

"దేఖ్ బేటీ, ఇంజను చచ్చి ఈ బండి ఆగదు. ఒళ్లు చచ్చి ఆగుతుంది."

పాత చిన్న కార్లన్నిటి కథా ఇదే, మన వైపు మరీను. తుప్పుకి నీళ్లూ గాలీ చాలు, ఉప్పు కలిస్తే దానికి పండగ. ఉప్పునీళ్లలో కరెంటు తేలిగ్గా నడుస్తుంది కాబట్టి ఇనుము తొందరగా కరుగుతుంది. రేపల్లెకి నిజాంపట్నం రేవు దగ్గర, బాపట్లకి సూర్యలంక దగ్గర. సముద్రపు గాలి ఒకటి, చేపల, రొయ్యల లారీల నుంచి రోడ్డంతా కారే నీళ్లు ఇంకొకటి. దానికి తోడు డెల్టా నల్లమట్టి. చక్రాల పైన ఒంపులో పట్టుకుంటే వారం తడి వదలదు. తలుపుల కింద అంచున నీళ్లు పోవడానికి చిన్న చిన్న చిల్లులుంటాయి. మట్టి వాటిని మూసేస్తుంది. వానకి అద్దం పక్కనుంచి లోపలికి దిగిన నీళ్లు తలుపులోనే నిలిచిపోతాయి. తలుపు లోపలి నుంచి కుళ్లుతుంది, పైన పెయింటు మాత్రం ఈద్‌కి వేసుకున్న షేర్వానీలా మెరుస్తుంది.

ఉస్తాద్ ఆ రోజు చూసినవి వరసగా చెబుతాను. ఇరవై ఏళ్ల మారుతి 800 మీ దగ్గరుంటే మీరూ ఇదే వరసలో చూడండి.

కాళ్ల దగ్గర ఫ్లోరు, తలుపుల కింద రన్నింగ్ బోర్డు, బ్యాటరీ కూర్చునే ట్రే, వెనక డోరు కింద అంచు, ముందు షాకబ్జార్బరు తల బిగించే చోటు. ఇవన్నీ తుప్పు ఇళ్లు. వీటిలో తలుపు తుప్పుపడితే అందం పోతుంది, అంతే. ఫ్లోరుకి చిల్లు పడితే నీళ్లొస్తాయి. లోయర్ ఆర్మ్ పట్టుకునే చోట తుప్పుపడితే మాత్రం అది వేరే సంగతి, చక్రాన్ని బండికి కలిపి ఉంచేది అదే. మా బండికి ఎడమవైపు ఆ చోటులో రేకు పొరలుగా లేచింది.

తరవాత స్టీరింగు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక వస్తే బాల్ జాయింటు, పక్కలకి ఊపితే కదిలితే టై రాడ్ ఎండు. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోనిస్తే టక్ టక్ టక్ మని శబ్దం వస్తే డ్రైవ్ షాఫ్ట్. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారిపోయి, మట్టి దూరి, లోపలి గుళ్లు అరుగుతాయి. రబ్బరు చిరిగినప్పుడే మార్చుకుంటే వందల్లో పోతుంది, టక్ టక్ మొదలయ్యాక వేలల్లో పోతుంది. మాది అల్‌హమ్‌దులిల్లాహ్, రబ్బరు దగ్గరే దొరికింది.

బ్రేకులు: ముందు డిస్కు, వెనక డ్రమ్ము. ముందువాటికి ప్యాడ్లు మారుస్తాం, వెనకవాటిని మరచిపోతాం, ఎందుకంటే తొక్కగానే బండి ఆగుతూనే ఉంటుంది. వెనక వీల్ సిలిండరులోంచి బ్రేక్ ఆయిలు సన్నగా కారి షూస్ మీద పడితే ఒకవైపు పట్టదు. గట్టిగా తొక్కినప్పుడు బండి రెండోవైపుకి లాగుతుంది. ఇక హ్యాండ్ బ్రేకు. మన డెల్టా బల్లపరుపు నేల, హ్యాండ్ బ్రేకు వాడేవాడే లేడు. వాడని కేబులు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఒంటెను కట్టేసి తరవాత తవక్కుల్ చేయమన్నారు పెద్దలు. మా ఒంటె తాడు ఎప్పుడో తెగిపోయిందని ఆ రోజే తెలిసింది. ఉస్తాద్ నవ్వి, "తవక్కుల్ మీదే నిలబడింది బేటీ నీ బండి" అన్నాడు.

ఇంజను గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దాని గొప్ప. రేడియేటరు ఫ్యాను స్విచ్చి సరిగా పడకపోతే వేడెక్కి హెడ్ గాస్కెట్టు పోతుంది. టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మూడు సిలిండర్ల ఇంజను కాబట్టి వణుకు సహజం. ఆ వణుక్కి మౌంటింగు రబ్బర్లు నలుగుతాయి. గేరు రాడ్ బుష్‌లు అరిగి రాడ్ గరిటెలా తిరుగుతుంది. సామాను దొరకదన్న ఫికర్ లేదు, ఓమ్నీకి కూడా ఇదే 796 సీసీ ఇంజను వేశారు కాబట్టి తెనాలిలో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

టైర్లకి ఒక లెక్క ఉంది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడి లోపల అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి, టైరు అరిగి వాటితో సమానమైందంటే దాని ఉమర్ అయిపోయినట్టే. మావి వెనక రెండూ అయిపోయాయి.

ఇంతా చూసి, చేతులు తుడుచుకుని ఉస్తాద్ చెప్పిన మాట నాకు ఆ రాత్రి నిద్ర లేకుండా చేసింది. "లైట్లు సరిచేసి, బ్రేకులు కట్టి, ఫ్లోరు మీద తివాచీ వేసి పంపితే ఆఫీసులో పాసవుతుంది. తివాచీ కింద ఎవరూ చూడరు. కానీ నేనైతే పాస్ చెయ్యను."

ఇరవై నాలుగు గంటల్లో అవతలి జవాబు కూడా దొరికింది. ఒక టీ బంకు దగ్గర, ఏ ఊరో అడక్కండి, ఒక దలాలీ పరిచయమయ్యాడు. "మేడమ్, మీరు ఎండలో ఎందుకు నిలబడతారు? కాగితాలివ్వండి, బండి కూడా అక్కర్లేదు, ఫొటోలు చాలు" అన్నాడు. ఎంతో చెప్పాడు, అందులో ఎవరెవరి వాటా ఎంతో కూడా చెప్పాడు. నిజమో అబద్ధమో నాకు తెలియదు, వాళ్ల మాటలు నమ్మి ఎవరి మీదా ఇల్జామ్ వెయ్యను. అతను అమ్ముతున్నది ఏమిటో మాత్రం అర్థమైంది. ఆ కాగితం మీద ఉండేది, "ఈ బండి రోడ్డు మీద తిరగడానికి లాయఖ్" అన్న గవాహీ. అబద్ధపు గవాహీ మన దీన్‌లో చిన్న గునా కాదు. వెనక సీట్లో మా అమ్మీ పడుకుంటుంది, అది నా సొంత విషయం అనుకోవచ్చు. భట్టిప్రోలు దగ్గర సైకిళ్ల మీద బడికి పోయే ఆడపిల్లలు మాత్రం నా బండి లోయర్ ఆర్మ్‌ని నమ్ముకుని రోడ్డెక్కలేదు కదా. రోడ్డు మీద ఎదురయ్యే ప్రతి మనిషికీ మన బ్రేకుల మీద హక్ ఉంది. హుఖూఖుల్ ఇబాద్ అంటే అప్పులూ ఆస్తులూ మాత్రమే అనుకుంటాం. బ్రేక్ ఆయిలు కూడా అందులోకే వస్తుంది.

ఇక హిసాబు. ఫ్లోరూ రన్నింగ్ బోర్డూ లోయర్ ఆర్మ్ చోటూ కోసి కొత్త ప్లేటు పెట్టి వెల్డింగు: 8,500. వెనక బ్రేక్ షూస్, వీల్ సిలిండర్లు, హ్యాండ్ బ్రేకు కేబులు: 3,200. లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, ఎండ్లు: 3,800. డ్రైవ్ షాఫ్ట్ రబ్బర్లు, గ్రీజు: 900. రెండు టైర్లు: 5,200. పసుపెక్కిపోయిన హెడ్ లైట్లు రెండు: 1,600. ఫ్యాను స్విచ్చి, హోసు పైపులు: 1,300. మొత్తం 24,500. సర్కారు ఫీజు 10,000 కలిపితే 34,500. బండిని కొంటానన్న ఆయన ఇస్తానన్నది 28,000.

దమ్మాంలో ఉన్న భాయీజాన్ ఫోనులో, "పాగల్‌వా? ఇరవై ఎనిమిది వేల బండికి ముప్పై నాలుగు వేలు పెడతావా?" అన్నాడు. ఆ లెక్క బండి ధరకి పెట్టిన లెక్క. నేను ఇంకో లెక్క చెప్పాను. కిరాయి కారు రేపల్లె నుంచి తెనాలి వెళ్లి, నాలుగు గంటలు ఆగి, తీసుకొచ్చేందుకు 1,800. వారానికి రెండుసార్లు అంటే 3,600. మా బండికి రానుపోను డెబ్బై కిలోమీటర్లు, లీటరుకి పదహారు ఇస్తుంది, లీటరు నూటపది దగ్గర అనుకుంటే 480. వారానికి 960. మిగిలేది 2,640. పదమూడు వారాల్లో, అంటే మూడు నెలల్లో, పెట్టింది తిరిగొస్తుంది. భాయీజాన్ కాసేపు ఊరుకుని, డబ్బు నేను పంపిస్తాను అన్నాడు. సగమే తీసుకున్నాను, అబ్బా బండిలో నాకూ హిస్సా ఉండాలి కదా.

ఆ మాటల్లోనే భాయీజాన్ అక్కడి సంగతి చెప్పాడు. సౌదీలో దాన్ని ఫహస్ అంటారు. అరబ్బీలో పరీక్ష చేయడం అని. సొంత కారుకి కొన్నప్పుడు మూడేళ్లు, ఆ తరవాత ఏడాదికోసారి. బ్రేకు తనిఖీ రోలర్ల మీద. చక్రాలు రోలర్ల మీద పెట్టి తిప్పి బ్రేకు తొక్కిస్తే, ఏ చక్రం ఎంత పట్టిందో, ఎడమకీ కుడికీ తేడా ఎంతో మిషను చెబుతుంది. కింద గుంటలో మనిషి నిలబడి లైటు వేసి చూస్తాడు. తివాచీ పరిచి మోసం చేయడం అక్కడ కుదరదు, వాళ్లు చూసేది కింది నుంచి.

ఇంగ్లండులో ఈ తనిఖీ 1960లో మొదలైంది. మొదట పదేళ్లు దాటిన బండ్లకే, తరవాత తగ్గిస్తూ తగ్గిస్తూ మూడేళ్లకి తెచ్చారు. ఇంకో విశేషం ఏమిటంటే, ఆ నతీజాలు ఎవరైనా చూడొచ్చు. బండి నెంబరు కొడితే ఏ ఏడు పాసైంది, ఏ ఏడు ఎందుకు ఫెయిలైంది, తుప్పా, బ్రేకా, టైరా, అన్నీ వస్తాయి. జర్మనీలో టీయూవీ వాళ్లు ఏటేటా ఏ మోడలు బండికి ఏ నుక్స్ ఎక్కువో పుస్తకంగానే వేస్తారు. పాత బండి కొనేవాడు అది చూసుకుని కొంటాడు. మన దగ్గర ఆ కితాబ్ ఉస్తాద్ లాంటి వాళ్ల దిమాగ్‌లో ఉంది. ఆయన పోతే దాంతోనే పోతుంది.

మనకి ఉన్న పద్ధతిలో ఒక వింత కూడా ఉంది. ఆటోవాడి బండికి కొత్తలో రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటాక ప్రతి ఏడూ ఫిట్‌నెస్. మన సొంత కారుకి పదిహేనేళ్ల దాకా పొగ సర్టిఫికెట్ తప్ప ఇంకే తనిఖీ లేదు. పదిహేనేళ్లు ఒక్క సర్కారీ కన్నూ మన బ్రేకుల మీద పడదు. అయినా మనం ఆటోవాడిని చూసి, "వీడి బండి కండిషన్ చూడు" అంటాం.

పొగ సంగతి కూడా చెప్పేస్తాను. మా బండి బీఎస్ 2, ఎంపీఎఫ్‌ఐ. దానికి కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు 750 దాటకూడదు. అంతకుముందు బండ్లకి 3 శాతం, 1,500 దాకా సడలింపు ఉంది. మాకు 0.31, 240 వచ్చాయి. బీఎస్ 4కి ముందు బండ్లకి ఆ కాగితం ఆరు నెలలకే చెల్లుతుంది. ఇరవై ఏళ్ల ఇంజను అంత శుభ్రంగా ఊపిరి తీస్తుంటే, ఎయిర్ ఫిల్టరు ఊదుతూ కూర్చునే అబ్బా గుర్తొచ్చారు.

వెల్డింగుకి బండి మూడు రోజులు షెడ్డులో ఉంది. ఉస్తాద్ లప్పం పెట్టనివ్వలేదు. "లప్పం తుప్పుకి కఫన్. పైన కప్పుతుంది, లోపల మయ్యత్ మయ్యతే" అన్నాడు. కుళ్లిన రేకు మంచి రేకు దొరికేదాకా కోసి, ప్లేటు పెట్టి, ప్రైమరు కొట్టి, కింద నల్ల రబ్బరు పూత పూయించాడు. కోసిన ముక్కలు ఒక సంచిలో వేసి నా చేతికిచ్చాడు. చేత్తో నలిపితే అప్పడంలా విరిగాయి. దాని మీద నేను వారానికి రెండుసార్లు కాళ్లు పెట్టి కూర్చున్నాను, నా వెనక అమ్మీ.

తనిఖీ రోజు మామూలుగానే జరిగింది. అసలు మానేలో మామూలుగా. మన జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఆ సారు మంచి మనిషే. చాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకున్నారు. తుప్పు ఆ నెంబరుని తినేస్తే ఎంత మంచి బండైనా అనాథే, అది కూడా చూసుకోండి. లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారను, సీటు బెల్టులు. పక్కన కూర్చుని, "ముప్పైలో పోనిచ్చి ఆపండమ్మా" అన్నారు. ముప్పై స్పీడులో పోయే బండి పదమూడు మీటర్లలో ఆగాలన్నది రూలు. ఆగింది, ఎటూ లాగలేదు. ఇక్కడ ఒక మాట. ముప్పైలో పదమూడు మీటర్లంటే, అదే బ్రేకుతో అరవైలో యాభై రెండు మీటర్లు. స్పీడు రెండింతలైతే దూరం నాలుగింతలు. కాలవగట్టు మీద గేదె అడ్డమొచ్చేది యాభై రెండు మీటర్ల ముందు కాదు. కొత్త లైట్లు కొంచెం పైకి కొడుతున్నాయి, ఎదుటివాళ్ల కళ్లల్లో పడతాయి, దించుకుని రమ్మన్నారు. బయట పావుగంటలో స్క్రూ తిప్పించి తెచ్చాను. పాస్. తివాచీ లేపమని ఎవరూ అడగలేదు. ఉస్తాద్ చెప్పినట్టే. నేనే లేపి చూపించాను. సారు వంగి వెల్డింగు చూసి, "మంచి పని చేశాడు, ఎవరు?" అన్నారు. చెప్పాను. నాకు ఆ రోజు వచ్చిన సర్టిఫికెట్లు రెండు, రెండోది ఉస్తాద్‌కి.

రోలర్ల మీద పరీక్షించే ఆటోమేటిక్ స్టేషన్లు మన దేశంలోనూ వస్తున్నాయి. వాటి మీద మనవాళ్లలో చాలామందికి గుస్సా, పాత బండ్లని పట్టుకుని ఫెయిల్ చేస్తాయని. నాకైతే అవి రావాలనే ఉంది. మిషనుకి టీ బంకు దగ్గర చుట్టాలుండరు. ఒక్క షర్త్: బండి ఎందుకు ఫెయిలైందో కాగితం మీద రాసివ్వాలి, ఏ చక్రం, ఏ బ్రేకు, ఎంత. బీదవాడి బండి ఆపేముందు దాని మరమ్మతు ఎక్కడో చెప్పడం ఇన్సాఫ్.

ఉస్తాద్ పెట్టిన షర్తులు కొన్ని ఉన్నాయి. అరవై దాటకూడదు. 216 హైవే మీద రాత్రిపూట వద్దు. సూర్యలంక వెళ్లొస్తే మర్నాడు మంచినీళ్లతో కింద కడగాలి. తలుపుల చిల్లుల్లో నెలకోసారి పిన్నీసు పెట్టాలి. వారానికోసారి హ్యాండ్ బ్రేకు లాగాలి, అవసరం లేకపోయినా. ఆరు నెలలకోసారి పొగ కాగితం తీసుకునే రోజే షెడ్డుకి తెచ్చి స్క్రూడ్రైవర్‌తో కొట్టించాలి. టప్ అన్న రోజు ఇంక వెల్డింగు లేదు, ఖుదా హాఫిజ్.

కాగితం ప్రకారం 2030 అక్టోబరు దాకా మొహలత్ ఉంది. అప్పటికి ఎవరం ఉంటామో అల్లాహ్‌కే మాలూమ్. అమ్మీకీ బండికీ ఎవరి మొహలత్ ఎంతో నేను లెక్క కట్టను. బండి వంతు ముందొస్తే రిజిస్టర్డు స్క్రాపింగ్ వాళ్లకిచ్చి, సర్టిఫికెట్ తీసుకుంటాం. కొత్త బండి కొంటే పన్నులో పాతిక శాతం దాకా రాయితీ కూడా దొరుకుతుంది. లేకపోతే తెనాలిలోనే కాటూరి వెంకటేశ్వరరావు గారూ, ఆయన కొడుకు రవిచంద్ర గారూ ఉన్నారు. సూర్య శిల్పశాలలో పాత బండ్ల నట్లూ బోల్టులూ గేరు చక్రాలతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. అమ్మీకి ఆ సంగతి చెబితే, బుత్‌లు మనకెందుకు అంది. కాసేపాగి, "ఒక్క గేరు రాడ్ మాత్రం తీసి ఇంట్లో పెట్టు, మీ అబ్బా చెయ్యి అరిగింది దాని మీదే" అంది.